వేడి పారే దారిలో సుళ్ళ చిక్కు

తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, టీచర్లు, ఊరివాళ్ళు కూర్చున్న సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినాం.

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలు కొంచెం దగ్గరికి జరగండి, వెనకాల ఇంకా నిలబడి ఉన్నారు. ఆ, అట్లా.

సంగటితో మొదలుపెడతాను. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకి రాగి సంగటి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ముద్ద తట్టలో పడుతుంది. పైన తాకితే గోరువెచ్చగా ఉంటుంది. మనం ఆకలి మీద ఉంటాం, నడిమధ్యలో వేలు పెడతాం. ఏమవుతుంది? చుర్రుమంటుంది. పైన చల్లారింది, లోపల చల్లారలేదు. ఎందుకు చల్లారలేదు? లోపలి వేడి బయటికి రావాలంటే ఒక పొర నుంచి పక్క పొరకి, ఆ పొర నుంచి ఇంకో పొరకి చేతులు మారి మారి రావాలి. వేడి చేతులు మారడం నిదానంగా జరిగే పని. సంగటిలోనూ అంతే, ఇనుప కడ్డీలోనూ అంతే. కడ్డీలో తొందరగా మారుతుంది, సంగటిలో ఆలస్యంగా మారుతుంది, తేడా అంతే.

ఈరోజు నేను చెప్పబోయే ద్రవంలో వేడి చేతులు మారదు. వేడి పారుతుంది. కాలవలో నీళ్ళు పారినట్టు పారుతుంది. ఆ ద్రవంలో లోపల ఒక వేడి, పైన ఒక వేడి అనే మాటే ఉండదు. మరి పారేది ఏదైనా సరే, ఒక వేగం దాటితే ఏమవుతుంది? స్వర్ణముఖికి నీళ్ళొచ్చినప్పుడు వంతెన మీద నిలబడి చూసినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? స్తంభాల వెనక ఏముంటాయి? సుళ్ళు. పారేదానికి సుళ్ళు తప్పవు. వేడి పారితే వేడికీ సుళ్ళు తప్పవు. ఆ సుళ్ళ గురించే ఈరోజు మాట. అవి మామూలు సుళ్ళు కావు, ప్రకృతి కొలిచి పోసినట్టుండే సుళ్ళు.

ద్రవం పేరు హీలియం. బెలూన్లలో నింపుతామే, ఆ హీలియమే. మన శ్రీహరికోటలో రాకెట్ల ట్యాంకుల్లో ఇంధనం మీద ఒత్తిడి నిలబెట్టేదానికి వాడేదీ ఈ వాయువే. దీనికి మన నేలతో ఒక పాత బంధుత్వం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, వెలుతురుని రంగుల గీతలుగా విడదీసి అందులో ఏ మూలకం ఉందో చూపే వర్ణపటదర్శిని పెట్టుకుని కూర్చున్నాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పాగ్సన్ కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుతురులో పసుపు గీత ఒకటి కనబడింది. అది సోడియం గీత దగ్గర్లోనే ఉంది గానీ సోడియం చోట సరిగ్గా కూర్చోవడం లేదని పాగ్సన్ రాసుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసినాడు. భూమి మీద ఇంకా ఎవరూ చూడని మూలకానికి సూర్యుడి పేరు పెట్టినారు. 1895లో రామ్సే దాన్ని యురేనియం ఖనిజంలో పట్టుకున్నాడు. సూర్యుడిలో దొరికిన మూలకం, ప్రపంచంలో అన్నిటికంటే చల్లని ద్రవమైంది. ఈ సంగతి చెప్పుకున్న ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1908 జులై 10న హాలండులో, లైడెన్‌లో, కామర్లింగ్ ఓనెస్ హీలియాన్ని ద్రవంగా మార్చినాడు. 4.2 కెల్విన్లు. మన లెక్కలో సున్నాకి కింద 269 డిగ్రీలు. అదేరోజు ఆయన ఆ ద్రవం మీది ఆవిరిని పంపుతో లాగి ఇంకా చల్లబరిచినాడు. ఇప్పుడు మనకు తెలుసు, ఆరోజే ఆ ద్రవం తన రెండో రూపంలోకి పోయి ఉంటుంది. కానీ ఎవరూ గుర్తించలేదు. అది అతిప్రవాహి అని, అంటే రాపిడి లేకుండా పారే ద్రవమని తెలిసేదానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది.

గుర్తించకపోవడం ఎట్లా సాధ్యం? ఎందుకంటే నేను చూసినాను. నా చిన్న వయసులో, బెంగుళూరులో ఒక ప్రయోగశాలలో, గాజు పాత్రలో చూసినాను. అది మీకు చెప్పాలి.

గాజు పాత్రకి నిలువునా వెండిపూత లేని సన్నని సందు ఒకటి ఉంటుంది. అందులోంచి టార్చి వేసి చూస్తాం. లోపల హీలియం మరుగుతూ ఉంటుంది. పాలు పొంగేముందు ఎట్లా ఉంటుంది, అట్లా. అన్ని చోట్లా బుడగలు. పంపు నడుస్తూ ఉంటుంది, ఉష్ణోగ్రత దిగుతూ ఉంటుంది. మూడు, రెండున్నర, రెండు పాయింటు మూడు. బుడగలు ఇంకా జోరుగా ఉంటాయి. 2.17 కెల్విన్ల దగ్గర ఏమవుతుందంటే, ఆగిపోతుంది. మెల్లగా తగ్గడం కాదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్క బుడగ ఉండదు. ద్రవం అద్దంలా నిలిచిపోతుంది. పంపు నడుస్తూనే ఉంది, ఆవిరి పోతూనే ఉంది, బుడగ మాత్రం లేదు.

ఎందుకు? ఆలోచించండి. బుడగ ఎందుకు పుడుతుంది? అడుగున ఒక చోట వేడి పోగుపడుతుంది. పక్కకి పోలేదు. పోలేక అక్కడే ఆవిరై బుడగ కడుతుంది. మరి ఆ వేడి ఒక్క చోటా పోగుపడకపోతే? ఎక్కడ పుట్టిన వేడి అక్కడి నుంచి క్షణంలో పైకి పారిపోతే? బుడగ కట్టేదానికి చోటే లేదు. ఆవిరి పై తలం నుంచి మాత్రమే పోతుంది. అంటే మరగడం ఆగిపోవడమంటే కళ్ళముందు కనబడే ఉష్ణవాహకత. 1932లో టొరంటోలో మెక్‌లెనన్ ఇది రాసి పెట్టినాడు, మరుగు ఉన్నట్టుండి ఆగిందని. 1936లో లైడెన్‌లో కీసమ్, ఆయన కూతురు అన్నా, ఈ వాహకత ఎంతో కొలిచినారు. రాగి లోహం కంటే కొన్ని వందల రెట్లు. ఆ తర్వాత 1938 జనవరిలో మాస్కో నుంచి కపిత్సా, కేంబ్రిడ్జి నుంచి అల్లెన్, మిసెనర్, ఒకే పత్రిక సంచికలో పక్కపక్కనే ప్రకటించినారు. ఈ ద్రవం సన్నని సందుల్లో స్నిగ్ధత, అంటే లోపలి రాపిడి, లేకుండా పారుతోందని.

ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు

ఇప్పుడు అసలు సంగతి. వేడి పారుతుంది అన్నాను. మరి ద్రవం కదలకుండా నిలబడి ఉంది కదా, గాజులో చూస్తే అద్దంలా ఉంది కదా, పారేది ఏది?

దీనికి జవాబు 1938లో టిస్సా మొదలుపెట్టినాడు, 1941లో లాండౌ స్థిరం చేసినాడు. లాండౌ ఏడాది పాటు జైల్లో ఉండి వచ్చినవాడు. కపిత్సా పట్టుబట్టి ఆయన్ని బయటికి తెప్పించినాడు, ఈ ద్రవాన్ని అర్థం చేసుకునేదానికి ఆయన కావాలని. ఆ రుణం లాండౌ ఇట్లా తీర్చుకున్నాడు అనుకోవచ్చు. ఆయన చెప్పింది ఏమంటే, ఈ ద్రవాన్ని రెండు ద్రవాలు ఒకదాంట్లో ఒకటి కలిసి ఉన్నట్టు చూడండి. ఒకటి మామూలు ద్రవం. దానికి స్నిగ్ధత ఉంది, వేడి ఉంది. రెండోది అతిప్రవాహి. దానికి స్నిగ్ధత లేదు, అది వేడిని మోయదు. 2.17 దగ్గర అంతా మామూలే. కిందికి దిగేకొద్దీ అతిప్రవాహి భాగం పెరుగుతుంది. ఒక కెల్విన్ దగ్గర మామూలు భాగం నూటికి ఒక పాలు కూడా ఉండదు.

మనకు అలిపిరి మెట్లు తెలుసు. సుమారు 3,550 మెట్లు. అదే దారిలో ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటారు, దిగేవాళ్ళు దిగుతుంటారు. దిగేవాళ్ళ చేతిలో ఏముంటుంది? లడ్డూ ఉంటుంది. ఎక్కేవాళ్ళ చేతిలో లడ్డూ లేదు. ఇప్పుడు అనుకోండి, గంటకి వెయ్యి మంది ఎక్కుతున్నారు, వెయ్యి మంది దిగుతున్నారు. కొండ మీద జనం పెరిగినారా? లేదు. తగ్గినారా? లేదు. మెట్ల మధ్యలో ఎక్కడ గీత గీసి లెక్కపెట్టినా, జనం మొత్తంగా ఎటూ పోలేదు. కానీ లడ్డూలు? గంటగంటకీ కిందికి దిగుతూనే ఉన్నాయి. జనం పారలేదు, లడ్డూ పారింది!

హీలియంలో వేడి పారేది సరిగ్గా ఇట్లా. గొట్టం ఒక కొనలో హీటరు పెట్టండి. అది కొండ. అక్కడికి అతిప్రవాహి ఉత్త చేతుల్తో వస్తుంది. హీటరు దగ్గర వేడి తీసుకుని మామూలు ద్రవంగా మారుతుంది. వేడి మోసుకుని చల్లని కొనకి పోతుంది. అక్కడ వేడి అప్పజెప్పి మళ్ళీ అతిప్రవాహిగా మారి వెనక్కి వస్తుంది. రెండు ప్రవాహాలు ఒకే గొట్టంలో, ఒకే చోట, ఎదురెదురుగా. మొత్తం ద్రవం చూస్తే కదల్లేదు. వేడి పారిపోయింది. దీన్ని ఎదురుప్రవాహం అంటాం.

ఉపమానం ఎక్కడిదాకా పనికొస్తుందో కూడా చెప్పాలి. మెట్ల మీద ఈయన ఎక్కేవాడు, ఈమె దిగే ఆమె అని వేలుపెట్టి చూపించొచ్చు. హీలియంలో ఈ అణువు మామూలుది, ఈ అణువు అతిప్రవాహిది అని చూపించలేం. అన్ని హీలియం అణువులూ ఒకటే. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టైన్‌కి రాసి పంపిన లెక్క ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. ఒకే రకం కణాలు ఒకే స్థితిలోకి గుంపుగా చేరడం. 1938లో లండన్ అనే శాస్త్రజ్ఞుడు, అది ఊరి పేరు కాదు, మనిషి పేరు, ఫ్రిట్జ్ లండన్, ఈ ద్రవంలో జరుగుతున్నది అదే అని పట్టుకున్నాడు. దాని లోతుకి ఈరోజు పోను. అది ఇంకో సాయంత్రం పని.

ఒక చిన్న లెక్క మాత్రం వేసుకుందాం. 1.9 కెల్విన్ల దగ్గర, గొట్టంలో చదరపు సెంటీమీటరుకి ఒక వాటు వేడి పంపినామనుకోండి. ఒక వాటు అంటే ఎంత? పాతకాలం చిన్న సెల్‌ఫోను చార్జరు ఇచ్చేదాంట్లో ఐదో వంతు. ఆ వేడిని మోయాలంటే మామూలు ద్రవం సెకనుకి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో పోవాలి. చీమ పరుగులాంటి వేగం. అంతే. అంత చిన్న కదలికతో అంత వేడి పోతుంది. అదే ఒక వాటు, గది వేడిమి దగ్గర ఒక మీటరు పొడవు రాగి కడ్డీలో పంపితే, ఈ కొనకీ ఆ కొనకీ 25 డిగ్రీలు తేడా రావాలి. హీలియంలో ఎంత తేడా? పదో వంతు డిగ్రీ కూడా రాదు.

వెనకాల ఆ అబ్బాయి చెయ్యెత్తినాడు. ఏం బాబూ? ఆ. మంచి ప్రశ్న. వినబడనివాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. "అతిప్రవాహికి రాపిడే లేదన్నారు, మరి ఆ పదో వంతు తేడా మాత్రం ఎందుకు రావాలి సార్, సున్నా ఉండాలి కదా" అంటున్నాడు. నా ప్రసంగం మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది. కూర్చో బాబూ, ఇప్పుడు అక్కడికే పోతున్నాం.

1937లో కేంబ్రిడ్జిలో అల్లెన్, పైయర్ల్స్, జకీ ఉద్దీన్ ముగ్గురూ ఒక విచిత్రం చూసినారు. మామూలు పదార్థంలో వేడి రెట్టింపు పంపితే ఉష్ణోగ్రత తేడా కూడా రెట్టింపవుతుంది. రాగికి అంతే, ఇనుముకి అంతే. ఇంటర్‌లో చదువుకున్నాం. హీలియంలో అట్లా లేదు. వాహకత ఇంత అని ఒక అంకె చెప్పడమే కుదరడం లేదు, పంపే వేడిని బట్టి అది మారుతోంది. తర్వాత 1949లో గోర్టర్, మెలింక్ దాన్ని లెక్కగా కట్టినారు. ఉష్ణోగ్రత తేడా వేడి ప్రవాహం మూడో ఘాతంతో పెరుగుతుంది. వేడి రెట్టింపైతే తేడా ఎన్ని రెట్లు? రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిది రెట్లు!

అంటే ఏమిటి? తక్కువ వేడి పంపినంతసేపూ రెండు ప్రవాహాలూ ఒకదాన్నొకటి తాకకుండా పోతున్నాయి. ఒక హద్దు దాటినాక తగులుకుంటున్నాయి. మామూలు రోజు మెట్ల మీద ఎక్కేవాళ్ళు ఒక పక్క, దిగేవాళ్ళు ఒక పక్క, ఎవరి దారి వాళ్ళది. బ్రహ్మోత్సవాలప్పుడు, గరుడసేవ రోజు? భుజం భుజం రాసుకుంటుంది. అడుగు పడదు. ఇక్కడ కూడా రాపిడి గోడతో కాదు, ఎదురొచ్చే ప్రవాహంతో. దీన్ని పరస్పర ఘర్షణ అన్నారు. పేరు పెట్టినారు గానీ ఎందుకు పుడుతోందో అప్పటికి తెలియదు. రాపిడే లేని ద్రవానికి రాపిడి ఎక్కడ అంటుకుంది?

కొలిచి పోసిన సుడి

1949లో ఆన్సాగర్ ఒక సభలో చర్చ మధ్య లేచి ఒక మాట అన్నాడు. 1955లో ఫైన్‌మన్ తనంతట తాను అదే ఆలోచనకి వచ్చి దాన్ని విస్తరించినాడు. మాట ఏమంటే, ఈ ద్రవంలో సుడి తిరగొచ్చు, కానీ ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు.

బకెట్లో నీళ్ళు చేత్తో తిప్పండి. మెల్లగా తిప్పితే మెల్లని సుడి, గట్టిగా తిప్పితే గట్టి సుడి, మధ్యలో ఎంతైనా. అతిప్రవాహిలో అట్లా కుదరదు. సుడి బలం ఒకే ఒక్క కొలత. ప్లాంకు స్థిరాంకాన్ని, అంటే అణువుల లోకంలో ఎప్పుడూ మారని ఒక అంకెని, హీలియం అణువు ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే కొలత. చదరపు సెంటీమీటరులో వెయ్యో వంతు, సెకనుకి. అంతే. దానిలో సగం సుడి లేదు, ముప్పాతిక సుడి లేదు. బియ్యం కొలిచే సోల లాగా అనుకోండి, ఒక సోల, రెండు సోలలు. పాత్రని ఇంకా జోరుగా తిప్పితే ఏమవుతుంది? ఉన్న సుడి బలపడదు, సుళ్ళ సంఖ్య పెరుగుతుంది. సెకనుకి ఒక రేడియన్ వేగంతో, అంటే ఆరు సెకన్లకి ఒక చుట్టు, అంత నెమ్మదిగా తిప్పినా చదరపు సెంటీమీటరుకి సుమారు 2,000 సుళ్ళు నిలువునా బారులు తీరుతాయి. 1979లో కాలిఫోర్నియాలో ప్యాకర్డ్, ఆయన సహచరులు వాటి కొనలు ఎక్కడున్నాయో ఫోటో తీసినారు కూడా. కొన్ని చుక్కలు, ముగ్గు పెట్టినట్టు వరసగా.

మరి ఆ సుడి నడుమ ఎంత లావు ఉంటుంది? ఒక నానోమీటరులో పదో వంతు. ఒక అణువంత. మన తల వెంట్రుకలో పది లక్షల వంతు. పొడవు మాత్రం పాత్ర ఎంత ఉంటే అంత. అందుకని దాన్ని సుడి అనడం కంటే సుడి తీగ అంటే సరిగ్గా ఉంటుంది. ఒక అణువంత లావు, జానెడు పొడవు, చుట్టూ ద్రవం తిరుగుతూ ఉండే తీగ. దాని నుంచి ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరంలో ద్రవం సెకనుకి ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు వేగంతో తిరుగుతుంది. అది ద్రవం మధ్యలో ఊరికే తెగిపోదు. రెండు కొనలూ గోడకి అంటుకోవాలి, లేకపోతే తన కొనని తానే పట్టుకుని ఉంగరం కావాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకి జవాబు. మామూలు ద్రవం, అంటే వేడిని మోసే చిన్న చిన్న కదలికలు, ఉత్తేజాలు అంటాం, అవి అతిప్రవాహిలోంచి ఏ అడ్డం లేకుండా పోతాయి. కానీ సుడి తీగ ఎదురైతే దాన్ని గుద్దుకుంటాయి. తీగ అతిప్రవాహిది, గుద్దేది మామూలుది. తీగ ద్వారా రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి. అంటే రాపిడి ద్రవంలో లేదు, రాపిడి సుళ్ళలో ఉంది. సుళ్ళు లేనంతసేపు రాపిడి లేదు. సుళ్ళని పుట్టించేది ఎవరు? ఆ వేడి ప్రవాహమే! ఎదురెదురుగా పోతున్న రెండు ప్రవాహాల మధ్య చిక్కిన తీగ సాగుతుంది, వంగుతుంది, ఉబ్బుతుంది. రెండు తీగలు అడ్డంగా కలిసినచోట తెగి, కొనలు మార్చుకుని మళ్ళీ అతుక్కుంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

నగరి పక్క మగ్గాల ఇళ్ళు చూసినవాళ్ళకి నూలు చిక్కు పడడం అంటే తెలుసు. కండె జారి నూలంతా పోగుపడితే, కొన ఎక్కడుందో దొరకదు. గొట్టం నిండా అట్లాంటి చిక్కు. పెరిగేది పెరుగుతూ, ఒకదాన్నొకటి తెంపుకుని అరిగేది అరుగుతూ, రెండూ ఒక చోట సరిసమానమై నిలబడే చిక్కు. ఎంత చిక్కు? మన లెక్కే తీసుకోండి, 1.9 కెల్విన్లు, చదరపు సెంటీమీటరుకి ఒక వాటు. ఒక్క ఘన సెంటీమీటరు ద్రవంలో, పటికబెల్లం ముక్కంత చోటులో, సుడి తీగ మొత్తం పొడవు కూడితే పది కిలోమీటర్ల స్థాయిలో వస్తుంది. ఇక్కడి నుంచి చంద్రగిరి కోట దాకా పరిచేంత తీగ పటికబెల్లం ముక్కలో!

మూడో ఘాతం ఎట్లా వచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. వేడి పెరిగితే రెండు ప్రవాహాల మధ్య వేగం అంతకంతా పెరుగుతుంది. తీగ పొడవు ఆ వేగానికి వర్గంగా పెరుగుతుంది. రాపిడి ఎంత? తీగ పొడవు ఇంటూ వేగం. వర్గంలో వేగం రెండుసార్లు, ఇక్కడ ఇంకోసారి, మొత్తం మూడు. అయిపోయింది.

దీన్ని నిలబెట్టినవాడు జో వినెన్. 1956లో హెన్రీ హాల్, వినెన్ ఇద్దరూ కేంబ్రిడ్జిలో తిరిగే పాత్రలో సుళ్ళు మామూలు ద్రవంతో రాసుకుంటున్నాయని చూపించినారు. 1957లో వినెన్ వేడి ప్రవాహం మీద వరసగా నాలుగు వ్యాసాలు రాసినాడు. తీగల చిక్కు ఎట్లా పెరుగుతుంది, ఎట్లా అరుగుతుంది అని ఒక సమీకరణం. పెరిగే పదం ఒకటి, అరిగే పదం ఒకటి. ఈరోజుకీ మేం వాడేది అదే. అప్పటికి ఆ తీగని కంటితో చూసినవాడు లేడు. 1961లో పాత్ర నడుమ సన్నని లోహపు తీగ బిగించి, మీటి, అది ఊగే తీరుని బట్టి ఒక్క సుడి కొలత ఎంతో ఆయనే పట్టుకున్నాడు. వీణ తీగ మీటి శ్రుతి చూసినట్టు.

కంటికి కనబడని చిక్కుని ఎట్లా కొలిచినారు? ఇది చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఈ ద్రవంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఇందులో వేడి అలగా పోతుంది. చప్పట్లు కొడితే గాలిలో ఒత్తిడి అల పోయి ఆ గోడకి తగిలి ప్రతిధ్వని వస్తుంది కదా. హీలియంలో ఒక కొనలో హీటరుని ఒక్క క్షణం వెలిగించి ఆర్పండి. ఆ వేడి పరుచుకుని పలచబడిపోదు. ఒక దెబ్బలాగా, గుంపుగా, సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో ప్రయాణం చేసి అవతలి కొన థర్మామీటరుకి తగులుతుంది. గోడకి తగిలి వెనక్కి కూడా వస్తుంది. వేడికి ప్రతిధ్వని! రెండో ధ్వని అని పేరు. 1944లో పెష్కోవ్ మాస్కోలో దాన్ని పట్టుకున్నాడు. గొట్టంలో సుడి తీగలు ఉంటే ఈ రెండో ధ్వని నీరసపడుతుంది. ఎంత నీరసపడిందో చూసి తీగ ఎంత పొడవుందో చెప్పేస్తాం.

మన గాదంకి రాడారు కూడా ఇదే పని చేస్తుంది, తెలుసా? ఇక్కడి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. 1,024 యాంటెన్నాలు నేల మీద పరిచి, 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఆకాశంలోకి పంపుతారు. గాలిలో సుళ్ళు, సుమారు 3 మీటర్ల కొలతలో ఉన్న కల్లోలం, ఆ తరంగాన్ని కొంచెం వెనక్కి తిప్పుతుంది. గాలి సుడిని ఎవరూ చూడలేదు, తరంగం వెనక్కి వచ్చిన తీరుని బట్టి చదువుతారు. అక్కడ రేడియో తరంగం, ఇక్కడ వేడి తరంగం. మీలో ఎవరైనా గాదంకి చూడకపోతే, అనుమతి అడిగి తప్పకుండా పోయి చూడండి.

తీగ పొడవునా కంటికి కనబడడం 2006లో జరిగింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బ్యూలీ, లాత్రాప్, మన కాటేపల్లి రాజు శ్రీనివాసన్. ఆయన బెంగుళూరులో ఇంజనీరింగు చదివి, అక్కడే భారతీయ విజ్ఞాన సంస్థలో డాక్టరేటు చేసి పోయినవాడు. వాళ్ళు హీలియంలోకి కొంచెం హైడ్రోజన్ వదిలినారు. అది గడ్డకట్టి మైక్రాన్ కొలతలో మంచు రేణువులైంది. 2.17 కిందికి దిగగానే ఆ రేణువులు పోయి సుడి తీగల మీద వాలినాయి. తీగ మీద పిచ్చుకలు వాలినట్టు వరసగా. లేజరు వెలుతురు వేస్తే గీతలు గీతలుగా కనబడినాయి. ఆ తర్వాత రెండేళ్ళకి, తీగలు తెగి కొనలు మార్చుకుని అతుక్కోవడం కూడా చిత్రాల్లో దొరికింది. 1980లలో ష్వార్జ్ కంప్యూటరు మీద లెక్కగట్టి ఇట్లా జరగాలి అన్నాడు, ఇప్పుడు జరుగుతుంటే చూసినారు.

ఇంకో సంగతి. ద్రవాన్ని ఫ్యాను పెట్టి తిప్పితే ఏమవుతుంది? 1998లో పారిస్‌లో మౌరర్, టాబెలింగ్ ఎదురెదురు చక్రాలతో హీలియాన్ని చిలికి చూసినారు. 2.17 పైన మామూలు ద్రవంలో కల్లోలం ఎట్లా ఉందో, 1.4 కెల్విన్లలో అతిప్రవాహిలో కూడా అట్లాగే ఉంది! పెద్ద సుళ్ళ శక్తి చిన్న సుళ్ళకి ఎట్లా పంచుకుపోతుందో 1941లో కొల్మొగోరోవ్ చెప్పిన నియమమే రెంటికీ. ఎందుకంటే చిలికినప్పుడు రెండు ద్రవాలూ చేయీ చేయీ పట్టుకుని ఒకే వైపు తిరుగుతాయి. వేడితో నడిపినప్పుడు అట్లా కాదు, రెండూ ఎదురెదురుగా పోతాయి. గంగలో గానీ గాలిలో గానీ అట్లాంటి కల్లోలం లేదు. దానికి పోలిక చెప్పేదానికి మనకి ఇంకో ద్రవం లేదు. అందుకే వేడి ప్రవాహంలో కల్లోలం అంటే ఇంత మంది ఇన్నేళ్ళు పట్టుకుని కూర్చున్నారు. 2010లో హీలియం అణుజంటలని వెలిగించి, అవి మామూలు ద్రవంతో కొట్టుకుపోతుంటే ఫోటో తీసి, మామూలు ద్రవం కూడా కల్లోలపడుతోందని చూపించినారు. ఆ వ్యాసం రాసినవాళ్ళలో ఒక పేరు వినెన్. 1957లో మొదలుపెట్టిన మనిషి, ఎనభై ఏళ్ళ వయసులో, అదే గొట్టం, అదే వేడి, అదే ప్రశ్న. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ ప్రతి ఏడాదీ పిల్లలకి ఈ మాట చెప్పేవాణ్ణి.

దీనివల్ల ఉపయోగం ఏమిటని అడుగుతారు. జెనీవా దగ్గర భూమి కింద 27 కిలోమీటర్ల వలయం ఉంది, కణాల్ని ఢీకొట్టించే యంత్రం, పెద్ద హాడ్రాన్ కొలైడరు. అందులో 1,232 పెద్ద వంపు అయస్కాంతాలు, ఒక్కొక్కటి 15 మీటర్లు. అన్నీ 1.9 కెల్విన్లలో అతిప్రవాహి హీలియంలో మునిగి ఉంటాయి. వందటన్నుల పైచిలుకు హీలియం. దాని సహాయక అయస్కాంతాల్లో వెయ్యికి పైగా మన దేశం నుంచి పోయినవే. అక్కడ తీగచుట్టలో పుట్టిన కొంచెం వేడి, కదలకుండా నిలబడి ఉన్న హీలియంలోంచే పారి బయటపడుతుంది. ఆ చోట్లో పంపు లేదు, ఫ్యాను లేదు. ఎంత సందు వదలాలి, ఎంత పొడవు ఉండొచ్చు అని లెక్కగట్టేవాళ్ళు ముందు చూసేది ఏది? ఆ మూడో ఘాతమే.

ఎందుకంటే హద్దు ఉంది. మన మీటరు గొట్టంలో ఒక వాటుకి పదో వంతు డిగ్రీ లోపల అన్నాను. రెండు వాట్లు పంపుతాం అనుకోండి. ఎనిమిది రెట్లు. 1.9 మీద అంత కలిపితే 2.17 దాటిపోతుంది. దాటితే? అక్కడ ఇక అతిప్రవాహి లేదు. మామూలు హీలియం మిగులుతుంది. దాని ఉష్ణవాహకత ఎంతో తెలుసా? ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి అంత. రాగికి వందల రెట్లు ఉన్నది క్షణంలో గాలికి సమానమవుతుంది. నిజానికి రెండు దాకా అక్కర్లేదు, ఒకటిన్నర వాటు దగ్గరే ఆ మీటరు గొట్టం చేతులెత్తేస్తుంది. దారి మూసేది గోడ కాదు, సుళ్ళ చిక్కు.

ఇంకా తేలని సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. పరమ శూన్య ఉష్ణోగ్రత, అంటే సున్నా కెల్విన్ దగ్గరికి పోతే మామూలు ద్రవం దాదాపు మిగలదు. గుద్దుకునేదే లేదు, పరస్పర ఘర్షణ లేదు. అప్పుడు సుళ్ళ చిక్కు ఎప్పటికీ అట్లాగే ఉండాలి కదా? ఉండదు, అరిగిపోతుంది. తీగల మీద అలలు పుట్టి, చిన్నవై, ఇంకా చిన్నవై, చివరికి చప్పుడుగా బయటికి పోతాయని లెక్క చెప్తుంది. ఆ అలల మెట్లు ఎట్లా దిగుతాయో ఇంకా వాదన నడుస్తోంది. ముందు వరస పిల్లలూ, అది మీ కోసం ఉంది.

బెంగుళూరులో ఆరోజు రాత్రి సగం దాటినాక పంపు ఆపినాం. ఎవరూ లేచి పోలేదు. గాజు సందులోంచి చూస్తూ కూర్చున్నాం. ద్రవం అద్దంలా ఉంది. ముల్లు పైకి పాకుతోంది. 2.1. 2.15. 2.16. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత అడుగు నుంచి ఒక్క బుడగ లేచింది, దాని వెనకాలే పాత్రంతా.

ప్రశ్నలుంటే అడగండి.